రాటె రోడ్డు: వింటర్ వార్‌ని ఫోన్‌లో టర్న్ బేస్డ్ ఆటగా కట్టేటప్పుడు

వింటర్ వార్ (1939-40లో సోవియట్ యూనియన్, ఫిన్లాండ్ మధ్య జరిగిన యుద్ధం) మీద ఆట అనగానే ఎవరికైనా ముందు తట్టేది తెల్ల ముసుగు వేసుకుని స్కీల మీద జారిపోయే ఫిన్నిష్ సైనికుడు. పోస్టర్‌కి ఆ బొమ్మ చాలు. ఆట నిలబడేది మాత్రం రోడ్డు మీద. ఆ చలికాలంలో తూర్పు ఫిన్లాండ్‌లోని సువోముస్సల్మి గ్రామం దగ్గర రెండు సోవియట్ డివిజన్లు చితికిపోయాయంటే, అవి సన్నటి అడవి దారి దిగి పక్కకు కదల్లేకపోవడమే అసలు కారణం. ఆ సంగతి నియమాల్లోకి సరిగ్గా దిగితే మిగతా చరిత్ర దానంతటదే బయటికొస్తుంది. దిగకపోతే మంచు రంగు పూసిన మామూలు ట్యాంకుల ఆట మిగులుతుంది.

ఇలాంటి ఆటని ఆండ్రాయిడ్ ఫోన్ కోసం సొంతంగా కట్టాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కింద చెప్పే తేదీలు, డివిజన్ల పేర్లు చరిత్రవి. బలాలు, నడక పాయింట్లు, సరఫరా అంకెలు నా ప్రతిపాదనలు. వాటిని మార్చుకోవచ్చు, కానీ వాటి మధ్య నిష్పత్తి చెడకూడదు.

ఏ యుద్ధం, ఏ ముక్క

యుద్ధం 1939 నవంబర్ 30న మొదలై 1940 మార్చి 13న ఆగింది. మొత్తం 105 రోజులు. అదంతా ఒకే ఆటలో ఇరికించొద్దు. కరేలియన్ ఇస్త్మస్ అనే ఇరుకు నేల మీద, ఫిన్నుల రక్షణ వరస మానర్‌హైమ్ లైన్ దగ్గర జరిగింది కందకాలు, బంకర్లు, భారీ ఫిరంగుల యుద్ధం. దానికి వేరే నియమాలు కావాలి. సిమో హాయ్‌హా అనే ప్రసిద్ధ స్నైపర్ పోరాడింది లడోగా సరస్సుకు ఉత్తరాన కొల్లా దగ్గర. పేరుంది కదా అని ఆయన్ని సువోముస్సల్మి మ్యాప్‌లోకి తెచ్చి పెడితే విషయం తెలిసిన ఆటగాడు మొదటి అయిదు నిమిషాల్లోనే నమ్మకం పోగొట్టుకుంటాడు.

సువోముస్సల్మి పోరు ఫోన్ ఆటకి అన్ని విధాలా సరిపోతుంది. సోవియట్ 9వ సైన్యం ఆశించింది పశ్చిమాన బోత్నియా సింధుశాఖ ఒడ్డునున్న ఓవులు పట్టణం. అక్కడికి చేరితే ఫిన్లాండ్ రెండు ముక్కలవుతుంది. ఆ దారిలో సువోముస్సల్మి గ్రామం ఉంది. 163వ డివిజన్‌లో ఎక్కువ భాగం ఉత్తరాన యుంటుస్‌రంటా వైపు నుంచి వచ్చింది. దాని 759వ రెజిమెంట్ తూర్పున రాటె రోడ్డు మీదుగా వచ్చింది. డిసెంబర్ 7న గ్రామం పోయింది. తర్వాత ఫిన్నిష్ అధికారి యాల్మర్ సీలాస్వువో 27వ పదాతి రెజిమెంట్‌తో వచ్చి డిసెంబర్ 11న ఎదురుదాడి మొదలుపెట్టి, ముందు రాటె రోడ్డును తెంచాడు. 163వ డివిజన్‌ని ఆదుకోవడానికి అదే రోడ్డు మీద 44వ డివిజన్ బయల్దేరింది. కువోమస్‌యార్వి, కుయివస్‌యార్వి సరస్సుల మధ్య ఇరుకు నేల మీద కెప్టెన్ మాకినెన్ కింద రెండు కంపెనీలు దాన్ని ఆపేశాయి. డిసెంబర్ 27న గ్రామం మీద పెద్ద దాడి జరిగింది. 29, 30 తేదీల్లో 163వ డివిజన్ విరిగి, కియాంటాయార్వి సరస్సు మంచు మీదుగా ఉత్తరానికి పారిపోయింది. వెంటనే ఫిన్నులు తూర్పుకి తిరిగి, జనవరి మొదటి వారంలో రోడ్డు మీద బారులు తీరి ఉన్న 44వ డివిజన్‌ని ముక్కలు చేశారు.

ఒకే సైన్యం, రెండు శత్రువులు, ముందు ఒకరు, తర్వాత ఒకరు. ఆటగాడికి తక్కువ పావులు, ఎక్కువ ఆలోచన. చిన్న తెరకి కావాల్సింది ఇదే. ఫిన్లాండ్‌కే చెందిన యోని నూటినెన్ తన మొబైల్ యుద్ధ వ్యూహ ఆటల వరసలో ఈ పోరు మీద ఒకటి చేయడం ఊరికే కాదు.

గడి ఎంత, టర్న్ ఎంత

నవంబర్ 30 నుంచి జనవరి 8 వరకు 40 రోజులు. ఒక టర్న్ అంటే ఒక రోజు అనుకుంటే 40 టర్న్‌లు. డిసెంబర్ తేదీకి 1 కలిపితే టర్న్ సంఖ్య, జనవరి తేదీకి 32 కలిపితే టర్న్ సంఖ్య. గ్రామం పడేది 8వ టర్న్, సీలాస్వువో ఎదురుదాడి 12వ టర్న్, పెద్ద దాడి 28వ టర్న్, రాటె రోడ్డు మీద ఆఖరి సమ్మెట దెబ్బ 37వ టర్న్.

సరిహద్దు నుంచి గ్రామానికి రాటె రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు. షట్కోణపు గడి ఒక్కోటి 2 కిలోమీటర్లు పెట్టండి. తూర్పు పడమరలుగా 25, ఉత్తర దక్షిణాలుగా 30, మొత్తం 750 గడులు. గడి 1 కిలోమీటర్ చేస్తే అదే నేలకి 3,000 గడులు కావాలి. ఆటగాడు వేలితో జరుపుకుంటూ మ్యాప్‌లో దారి తప్పుతాడు. ఆండ్రాయిడ్ సూచించే కనీస స్పర్శ లక్ష్యం 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుంటే ఈ కొలతకి వరసలో పదిహేను, పదహారు గడులు పడతాయి. 25 గడుల వెడల్పు మ్యాప్ రెండు జరుపుల్లో మొత్తం కనిపిస్తుంది. అంతకంటే చిన్న గడులు పెట్టి, రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసుకోమంటే ఆటగాడు ప్రతి టర్న్‌లోనూ తెర మీద ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటాడు.

పావు పరిమాణం: సోవియట్ వైపు బెటాలియన్, ఫిన్నిష్ వైపు బెటాలియన్ లేదా కంపెనీ. మూడు రెజిమెంట్ల డివిజన్‌కి తొమ్మిది బెటాలియన్లు, వాటి పైన ఫిరంగులు, ట్యాంకు బెటాలియన్, ఇంజనీర్లు, లారీల బారు కలిపి 15 పావులు చాలు.

ఇక్కడో చక్కటి లెక్క కుదురుతుంది. రాటె రోడ్డు మీద 44వ డివిజన్ దాదాపు 30 కిలోమీటర్ల పొడవున బారులు తీరింది. 30 కిలోమీటర్లంటే 15 గడులు. పావులూ 15. అంటే రోడ్డు గడికి ఒక్క పావే పడుతుందన్న నియమం మీరు కల్పించేది కాదు, నేల కొలత నుంచి పుట్టేది. ఈ నియమాన్ని దేనికోసమూ సడలించకండి. ముందున్న పావు ఆగితే వెనకున్నవన్నీ ఆగాలి. లారీ లారీని దాటి పోలేదు. వెనకున్న ఫిరంగి పావు ముందుకి రావాలంటే మధ్యలోవి రోడ్డు దిగాలి, దిగితే మంచులో కూరుకుపోవాలి. చాలా ఆటలు గడికి మూడు నాలుగు పావులు పేర్చనిస్తాయి. అలా చేస్తే 44వ డివిజన్ కొద్ది టర్న్‌లలోనే ఒక్క ముద్దగా గ్రామం ముందుకొచ్చి వాలుతుంది. ఇక ఆట అక్కడితో సరి.

నడక ఖర్చులు

ఫిన్నిష్ స్కీ దళానికి రోజుకి 5 పాయింట్లు. అడవి, రోడ్డు, గడ్డకట్టిన సరస్సు అన్నింటికీ గడికి 1. సోవియట్ పదాతి బెటాలియన్‌కి 4 పాయింట్లు, రోడ్డు గడికి 1, అడవి గడికి 4. అంటే లోతు మంచులో స్కీలు లేకుండా రోజంతా కష్టపడితే ఒక్క గడి, 2 కిలోమీటర్లు. లారీలు, లాగుడు ఫిరంగులు, ట్యాంకులు అడవిలోకి అసలు దిగవు. చలికి, దిగ్బంధానికి రోడ్డు మీద కూడా వాటి వేగం తగ్గాలి. మొదటి వారం ఫిన్నుల కాపలా దళాలు చాలా పలచన, అయినా 163వ డివిజన్ గ్రామానికి చేరేసరికి వారం పట్టిందని మర్చిపోకూడదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు శత్రు ప్రభావ పరిధి. మామూలు యుద్ధ ఆటల్లో పావు చుట్టూ ఉన్న ఆరు గడులూ దాని అదుపులో ఉన్నట్టు లెక్క, అక్కడ సరఫరా దారి తెగుతుంది. ఈ ఆటలో ఆ నియమం పెడితే ఒక్క ఫిన్నిష్ కంపెనీ అడవిలో హాయిగా కూర్చుని, రోడ్డు మీద కాలు పెట్టకుండానే డివిజన్ సరఫరాని తెంచేస్తుంది. నిజంలో అలా జరగలేదు. చెట్లు నరికి రోడ్డుకు అడ్డంగా పడేసి, మందుపాతరలు పెట్టి, ఆ చోటుని పట్టుకుని కూర్చుని, మీదికి వచ్చే ట్యాంకుల్ని కాచుకోవాల్సి వచ్చింది. కాబట్టి రోడ్డు గడిలో నిలబడితేనే సరఫరా పూర్తిగా తెగాలి. పక్క గడిలో ఉంటే సగమే తగ్గాలి. అప్పుడు ఆటగాడు ప్రతి టర్న్‌లోనూ తేల్చుకోవాల్సిన ప్రశ్న మిగులుతుంది: రోడ్డెక్కి దెబ్బలు తినాలా, అడవిలో ఉండి గిల్లుతూ కూర్చోవాలా?

చెట్ల అడ్డు కట్టడానికి ఒక టర్న్. దాని బలం 1 నుంచి 3 వరకు, ఒక్కో టర్న్‌కి ఒకటి పెరుగుతుంది. ట్యాంకు దాన్ని దాటలేదు. పదాతి పావు పక్క గడిలో ఒక టర్న్ ఆగితే ఒక బలం తగ్గుతుంది. కాపలా పావు లేని అడ్డు ఒక్క రోజులోనే పోవాలి.

బారులో ఉన్న దళం, విప్పుకున్న దళం

ప్రతి సోవియట్ బెటాలియన్‌కీ రెండు స్థితులు కావాలి. బారులో ఉన్నప్పుడు రోడ్డు మీద పూర్తి నడక, కానీ రక్షణ బలం మూడో వంతే. విప్పుకున్నాక బలం పూర్తి, నడక సున్నా. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే ఒక టర్న్ పోతుంది. రెండు కిలోమీటర్ల పొడవున సాగిన బెటాలియన్ మీద ఒక చోట దెబ్బ పడితే మిగతా వాళ్ళకి ఏం జరుగుతోందో కూడా తెలియదు, అందుకే మూడో వంతు.

అంకెల్లో చూద్దాం. సోవియట్ బెటాలియన్ బలం 6, ఫిన్నిష్ కంపెనీ బలం 2. బారులో ఉన్న బెటాలియన్ 2 గానే నిలుస్తుంది. ఒక కంపెనీ కొడితే సమానం, రెండు కంపెనీలు కలిసి కొడితే రెండింతలు. అదే బెటాలియన్ విప్పుకుని ఉంటే రెండు కంపెనీల దాడి 4కి 6, ఓడిపోయే పోరు. ఒకే మ్యాప్, అవే పావులు, ఎప్పుడు కొట్టాలన్నదే తేడా. ఆటగాడు మూడో ఆటకల్లా దీన్ని నేర్చుకుంటాడు, ఎవరూ చెప్పక్కర్లేదు.

దాడికి ముందే ఫలితాల శాతాలు తెర మీద చూపించండి. ఫోన్ ఆటలో కారణం తెలియకుండా పావు పోతే ఆటగాడు పాచికని తిట్టుకుని ఆట మూసేస్తాడు. పాచిక ఫలితాల్ని పుట్టించే మొదటి అంకెని (సీడ్) కూడా సేవ్ ఫైల్‌లో దాచాలి. లేకపోతే ఓడిన ప్రతి దాడికీ సేవ్ మళ్ళీ తెరిచి, గెలిచేదాకా వేస్తూ పోతారు.

రాత్రి దాడికి వేరే మీట పెట్టండి. సువోముస్సల్మి ఉన్న అక్షాంశంలో డిసెంబర్ చివర పగలు నాలుగు గంటల లోపే. ఫిరంగులకీ విమానాలకీ అంతే సమయం దొరుకుతుంది. కాబట్టి రాత్రి దాడికి సోవియట్ ఫిరంగి మద్దతు ఉండకూడదు. అయితే చీకట్లో రెండుకు మించి పావులు కలిసి కొడితే దాడి చేసే బలం నాలుగో వంతు తగ్గాలి. అడవిలో రాత్రిపూట అయిదు దళాల్ని ఒకే సమయానికి ఒకే చోటికి చేర్చడం అంత సులభం కాదు.

చలి

చలిని అలంకారంలా వాడే ఆటలున్నాయి, ఉష్ణోగ్రత అంకె తెర మూలన కనిపిస్తుంది, ఏమీ చేయదు. అది మూడు చోట్ల పని చేయాలి.

మొదటిది ఆశ్రయం. ఫిన్నులు దాదాపు ఇరవై మంది పట్టే గుడారాలు, లోపల పొయ్యి, వంతులవారీగా విశ్రాంతి, ఇలా నడిపారు. గుడారాల పావుకి రెండు గడుల లోపల టర్న్ ముగిస్తే ఫిన్నిష్ దళానికి అలసట తగ్గాలి. సోవియట్ దళానికి రోడ్డు మీద చలిమంటలే దిక్కు, అవి ఎక్కడున్నారో చెప్పేస్తాయి. సున్నాకి 25 డిగ్రీల కింద, ఆశ్రయం లేకుండా, తిండి సరఫరా తెగిన బెటాలియన్ రోజుకి ఒక బలం పోగొట్టుకోవాలి. ఫిన్నులు కావాలనే సైన్యం వెంట కదిలే వంటశాలల్ని గురి పెట్టేవారు. వంటశాల పావు పోతే ఆ రెజిమెంట్ మొత్తం దెబ్బ తినాలి. చిన్న పావు, పెద్ద ఫలితం.

రెండోది ఇంధనం. తీవ్రమైన చలిలో ఇంజన్ ఆపేస్తే మళ్ళీ అంటుకోదు, అందుకని తరచూ తిప్పుతూ ఉండాలి. నిలబడి ఉన్నా డీజిల్, పెట్రోల్ ఖర్చవుతూనే ఉంటాయి. ట్యాంకు పావుకి 5 ఇంధనం ఇవ్వండి, 25 డిగ్రీల కింద రోజుకి 1 చొప్పున తీసేయండి, కదిలితే 2. దారి తెగిన అయిదు రోజులకి ట్యాంకు అక్కడే నిలిచిపోతుంది. కాల్చగలదు, కదల్లేదు. తిండికి 4 రోజులు, గుండ్లకి 3 రోజులు. ఈ మూడు అంకెలు వేరువేరుగా అయిపోవడం వల్ల చుట్టుముట్టిన డివిజన్ ఒక్కసారిగా కూలదు, రోజుకో రకంగా బలహీనపడుతుంది. ఫిన్నులు మొట్టి అని పిలిచే చుట్టివేతల్లో సరిగ్గా ఇదే జరిగింది.

మూడోది సరస్సు మంచు, దీన్ని వివరంగా చెప్పాలి. సరస్సు గడి ఎవరికి దారి, ఎవరికి గోతి అన్నది మందం చెప్తుంది. మంచు మోసే బరువుకి వాడుకలో ఉన్న లెక్క: బరువు కిలోల్లో, మందం సెంటీమీటర్ల వర్గాన్ని ఒక గుణకంతో గుణిస్తే వస్తుంది. ఆ గుణకం జాగ్రత్తగా అయితే 4 లోపు, తెగించి అయితే 7 దాకా. 4 తీసుకుంటే 5 సెంటీమీటర్లకి 100 కిలోలు, అంటే ఒక మనిషి. గుర్రం, బండి కలిపి 700 కిలోలు అనుకుంటే 13 సెంటీమీటర్ల పైచిలుకు. మూడు టన్నుల పైచిలుకు ఉండే తేలిక ట్యాంకు టీ-38కి 29 సెంటీమీటర్లు. 10 టన్నుల టీ-26కి 50. గుణకం 7 తీసుకుని తెగిస్తే టీ-26కి 38 చాలు. కాబట్టి 38 నుంచి 50 మధ్య టీ-26 దాటాలంటే పాచిక వెయ్యాలి, మందం పెరిగే కొద్దీ ప్రమాదం తగ్గాలి.

మందం ఎలా పెరుగుతుంది? రోజువారీ సగటు సున్నాకి ఎన్ని డిగ్రీలు కిందుందో ఆ అంకెల్ని రోజూ కూడుకుంటూ పోవాలి. ఆ మొత్తానికి వర్గమూలం తీసి 2తో గుణిస్తే సెంటీమీటర్లు వస్తాయి. మొత్తం 100 అయితే 20 సెంటీమీటర్లు, 361 అయితే 38, 625 అయితే 50. పైన మంచు దుప్పటి మందంగా ఉంటే అది వేడిని పట్టి ఉంచుతుంది, కాబట్టి 2కి బదులు 1.7 వాడండి. పైమంచు ఊడ్చేసిన గడిలో 2.3 వాడండి. ఈ చివరి అంకె ఆటకి చాలా మేలు చేస్తుంది. ఫిన్నిష్ ఆటగాడు గుర్రాలతో, ఇంజనీర్లతో సరస్సు మీద దారి ఊడ్చుకుంటే ఆ దారి కింద మంచు తొందరగా గట్టిపడుతుంది, నాలుగు రోజుల్లో బరువైన బండ్లు కూడా నడుస్తాయి. నిజంగా చలికాలపు దారులు కట్టేవాళ్ళు చేసేదీ ఇదే.

ఈ ఊడ్చిన దారే మొత్తం ఆటకి కీలకం. రాటె రోడ్డుకి దక్షిణాన సరస్సుల వరస మీదుగా ఫిన్నులు అలాంటి దారి సిద్ధం చేసుకున్నారు కాబట్టే, డిసెంబర్ 30న 163వ డివిజన్ పని ముగించి, రెండు మూడు రోజుల్లోనే 44వ డివిజన్ పక్కకి చేరగలిగారు. ఆటలో ఒక ఇంజనీర్ పావు రోజుకి ఒక గడి దారి ఊడుస్తుంది. పది గడులు కావాలంటే పది టర్న్‌లు, అంటే 20వ టర్న్‌కల్లా మొదలుపెట్టాలి. గ్రామం మీద పోరు ఉధృతంగా ఉన్న సమయం అది. ఇంజనీర్లని అక్కడి నుంచి లాగడానికి మనసొప్పదు. లాగని ఆటగాడికి 31వ టర్న్‌లో సైన్యం ఉంటుంది, వెళ్ళడానికి దారి ఉండదు.

సోవియట్ బుర్ర

కంప్యూటర్ ఆడే సోవియట్ వైపు రాయడం ఈ పనిలో కష్టమైన భాగం. అతి తెలివి పెడితే 44వ డివిజన్ చరిత్రలో చేయనిది చేస్తుంది: గ్రామంలో చిక్కుకున్న వాళ్ళని విడిపించేస్తుంది. మూర్ఖంగా రాస్తే ఆటగాడికి గెలుపులో రుచి ఉండదు.

మొదట చెడేది దారి వెతికే అల్గారిథం. రోడ్డు మీద అడ్డు కనిపించగానే అది చుట్టుదారి లెక్కేసి బెటాలియన్‌ని అడవిలోకి పంపుతుంది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి. నాలుగు టర్న్‌లకి డివిజన్ సగం అడవిలో గడ్డకట్టి ఉంటుంది. అడవి గడి ఖర్చుని కంప్యూటర్ లెక్కలో అసలు ఖర్చుకి అయిదింతలు చేయండి. రోడ్డు నుంచి ఒక్క గడికి మించి దూరం పోనివ్వొద్దు.

తర్వాత, శత్రువు ఎంతమందో కంప్యూటర్‌కి నిజం చెప్పొద్దు. ఫిన్నిష్ పావుల అసలు బలం చూసి నిర్ణయం తీసుకుంటే మాకినెన్ రెండు కంపెనీల్ని అది ఒక్క టర్న్‌లో తొక్కేస్తుంది. దానికి బదులు అంచనా ఇవ్వండి: గత మూడు రోజుల్లో ఎన్ని వేరువేరు గడుల నుంచి దాడి వచ్చిందో లెక్కపెట్టి, ఒక్కో గడికి 4 బలం ఉందనుకోమనండి. రెండు కంపెనీలు మూడు రాత్రుల్లో ఆరు చోట్ల నుంచి గిల్లితే కంప్యూటర్‌కి 24 బలం కనిపిస్తుంది, అంటే తన లెక్కలో నాలుగు బెటాలియన్లు ఎదురుగా ఉన్నాయనుకుంటుంది. ఆగిపోతుంది, తవ్వుకుంటుంది, ఫిరంగుల కోసం ఎదురు చూస్తుంది. చరిత్రలో 44వ డివిజన్ ముందు భాగం చేసింది అదే. గ్రామం పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, 163వ డివిజన్ అక్కడ నలుగుతోంది, అయినా కదల్లేదు. మొత్తం ఆటలో నాకు అన్నింటికంటే ఇష్టమైన నియమం ఇది. కొద్దిమంది చాలామందిలా కనిపించడం అనే ఎత్తుకి ఆటగాడు తన చేతులతో ప్రాణం పోస్తాడు.

ఆజ్ఞలకి ఆలస్యం కూడా కావాలి. కంప్యూటర్ తన లక్ష్యాన్ని మూడు టర్న్‌లకి ఒకసారి మాత్రమే మార్చుకోవాలి. వెనక్కి తగ్గే నిర్ణయం ఇంకా ఆలస్యంగా రావాలి, ఎందుకంటే అది డివిజన్ కమాండర్ చేతిలో లేదు, పైనుంచి అనుమతి రావాలి. డిసెంబర్‌లో 9వ సైన్యం పగ్గాలు దుఖనోవ్ నుంచి చుయికోవ్‌కి మారాయి, కానీ రోడ్డు మీద పరిస్థితి మారలేదు. వెనక్కి రావచ్చన్న మాట 44వ డివిజన్‌కి చేరేసరికి జనవరి 6 సాయంత్రమైంది. అప్పటికే మాకినెన్, మాండెలిన్, కారి, ఫాగెర్నాస్ దళాలు రోడ్డుని పలుచోట్ల తెంచేశాయి.

గెలుపు లెక్క

గ్రామాన్ని పట్టుకోవడమే గెలుపు అని రాస్తే ఆటగాడు అన్ని పావుల్నీ అక్కడ కుప్ప పోస్తాడు. సోవియట్ వైపుకి పాయింట్లు గ్రామానికి పడమర గడులు దాటినప్పుడు రావాలి. ఫిన్నులకి స్వాధీనం చేసుకున్న ట్యాంకులు, ఫిరంగులు, లారీలకి రావాలి. ఫిన్నిష్ సైన్యానికి ట్యాంకు వ్యతిరేక తుపాకులు చాలా తక్కువ. రాయమాకి కర్మాగారం యుద్ధ కాలంలో నాలుగున్నర లక్షలకు పైగా పెట్రోల్ సీసాల బాంబులు చేయాల్సి వచ్చింది అందుకే. పట్టుకున్న ప్రతి ఫిరంగీ మరుసటి వారం వాళ్ళకి పనికొచ్చింది. పట్టుబడిన ఫిరంగి పావు మూడు టర్న్‌ల తర్వాత ఆటగాడి పావుగా తిరిగి రావాలి.

చనిపోయిన మనుషులకి పాయింట్లు వద్దు. 44వ ఉక్రెయిన్ నుంచి తెచ్చిన డివిజన్. స్కీలు అలవాటు లేని, ఆ చలికి సిద్ధంగా లేని మామూలు కుర్రాళ్ళు వాళ్ళు. వాళ్ళ కమాండర్ వినోగ్రాదోవ్‌ని జనవరి 11న సొంత సైన్యమే కాల్చి చంపింది. ఈరోజు రాటె రోడ్డు దగ్గర ఉన్న స్మారకంలో 105 రోజులకి 105 గంటలు వేలాడుతుంటాయి, చుట్టూ రెండు వైపుల మృతుల కోసం వేల రాళ్ళు పరిచారు. ఆట చివరి తెర మీద రెండు దళాల నష్టాలూ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో చూపండి. ఎగిరే రంగుల కాగితాలు, బూరలు పెట్టొద్దు.

తెర, అక్షరాలు, బ్యాటరీ

మంచు మ్యాప్ అని తెల్లగా గీస్తే ఎండలో ఫోన్ మీద ఏమీ కనిపించదు. నేలని లేత నీలి బూడిద రంగులో, సరస్సుని అడ్డ గీతలతో, రోడ్డుని ముదురు గోధుమ రంగులో గీయండి. పక్షాల్ని రంగుతో పాటు ఆకారంతో కూడా వేరు చేయాలి, ఒకరికి గుండ్రం, ఒకరికి చతురస్రం.

ఆటకి తెలుగు ముఖం పెట్టాలనుకుంటే గేమ్ ఇంజన్ (ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్) ఎంచుకునేటప్పుడే చూసుకోండి. గోడో 4 లో అక్షరాల్ని పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఉంది, కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పేర్చుతుంది. యూనిటీలో మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోతో తెలుగు సంయుక్తాక్షరాలు విడిపోతాయి, సువోముస్సల్మి అన్న పేరులోనే అది బయటపడుతుంది. లైన్ ఎత్తు ఇంగ్లిష్ కోసం పెట్టినదానికంటే పెంచండి, లేకపోతే మీటల మీద కింది ఒత్తులు తెగిపోతాయి. సరస్సుల పేర్లు పొడవైనవి. పావు మీద పేరు వద్దు, సంఖ్య చాలు, పేరు నొక్కినప్పుడు కింద కనిపించాలి.

టర్న్ బేస్డ్ ఆటలో తెర సెకనుకి 60 సార్లు గీయక్కర్లేదు. గోడోలో లో ప్రాసెసర్ మోడ్ పెడితే ఏదైనా మారినప్పుడే గీస్తుంది, బ్యాటరీ ఆదా. సరఫరా లెక్క సరిహద్దు గడి నుంచి మొదలుపెట్టి వెడల్పుగా వెతుకుతూ పోతే 750 గడులకి ఎంతో సేపు పట్టదు, ప్రతి కదలిక తర్వాతా మళ్ళీ చేయొచ్చు. ఆండ్రాయిడ్ వెనక్కి పోయిన ఆటని ఎప్పుడైనా చంపేస్తుంది. అందుకని టర్న్ చివరి దాకా ఆగకుండా ప్రతి కదలికకీ సేవ్ చేయాలి. కదలికని వెనక్కి తీసుకునే మీట ఉండాలి, కానీ ఆ కదలికతో కొత్త శత్రు పావు బయటపడితే ఆ మీట పని చేయకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

40 టర్న్‌ల మొత్తం పోరుతో కాదు. ముందు జనవరి 1 నుంచి 7 వరకు, రాటె రోడ్డు ఒక్కటే. పొడవు 20 గడులు, వెడల్పు 8, మొత్తం 160. సోవియట్ పావులు 12, ఫిన్నిష్ పావులు 8, టర్న్‌లు 7. దీన్ని కోడ్ రాయకముందే కాగితం మీద గీసి, అట్టముక్కలతో ఆడి చూడండి. బారు నియమం, చెట్ల అడ్డు, ఇంధనం ఈ మూడూ అక్కడ సరిగ్గా పడితే మిగతా మ్యాప్ చేర్చడం కేవలం శ్రమ.

ఫోన్‌లోకి వచ్చాక రెండు వైపులా కంప్యూటర్ చేతే తెర లేకుండా కొన్ని వందల సార్లు ఆడించి మూడు అంకెలు రాసుకోండి: గ్రామం ఏ టర్న్‌లో పడింది, రాటె రోడ్డు మొదటిసారి ఏ టర్న్‌లో తెగింది, 40వ టర్న్ చివర 44వ డివిజన్‌లో ఎన్ని పావులు మిగిలాయి. గ్రామం 6వ టర్న్ లోపే పడిపోతుంటే సోవియట్ రోడ్డు నడక తగ్గించండి. రోడ్డు 15వ టర్న్ దాటినా తెగకపోతే అడ్డు కట్టే ఖర్చు ఎక్కువైనట్టు. 44వ డివిజన్ ప్రతిసారీ పూర్తిగా నాశనమవుతుంటే ఇంధనాన్ని 5 నుంచి 6కి పెంచండి. ఒకేసారి ఒక్క అంకె మాత్రమే మార్చండి.